చార్లెస్ లిండ్‌బర్గ్ రాజకీయ, జాతి భావాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

లిండ్‌బర్గ్ ఎవరు? ఒక విమాన చోదకుడి అభిప్రాయాలకు అంత ప్రాధాన్యం ఎందుకు వచ్చింది?

1927 మే 20 ఉదయం న్యూయార్క్ సమీపంలోని రూజ్‌వెల్ట్ ఫీల్డ్ నుంచి ఒంటరిగా బయలుదేరి, ముప్పై మూడున్నర గంటలు ఏకబిగిన విమానం నడిపి, మరునాటి రాత్రి పారిస్ దగ్గరి ల బుర్జే మైదానంలో దిగిన పాతికేళ్ళ యువకుడు చార్లెస్ లిండ్‌బర్గ్. అంతకుముందు ఆయన సెయింట్ లూయీస్, షికాగోల మధ్య ఉత్తరాల సంచులు మోసే తపాలా విమానాలు నడిపేవారు. ఆ ప్రయాణంతో 25,000 డాలర్ల ఓర్టీగ్ బహుమతి వచ్చింది. దానికి మించి, అప్పటివరకు ఏ సినిమా తారకూ, ఏ రాజకీయ నాయకుడికీ దక్కనంత జనాదరణ రాత్రికి రాత్రే ఆయనను చుట్టుముట్టింది. ఆయన నడిపిన ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయీస్’ ఇప్పుడు వాషింగ్టన్‌లోని వైమానిక, అంతరిక్ష సంగ్రహాలయంలో ఉంది. ముందు అద్దం ఉండవలసిన చోట ఇంధనపు ట్యాంకు ఉండటం దాన్ని చూసినవారికి గుర్తుండే ఉంటుంది. ఎదురుగా ఏముందో తెలియాలంటే పెరిస్కోపులోంచో, పక్క కిటికీలోంచో చూడాలి.

1932 మార్చి 1న ఆయన ఇరవై నెలల కొడుకును ఇంట్లోంచే ఎత్తుకుపోయి చంపేశారు. దాంతో జనం ఆయనను ఆరాధించడమే కాదు, తమ ఇంటి మనిషిలా భావించి దుఃఖించారు కూడా. పత్రికల వేధింపు భరించలేక 1935 డిసెంబరులో ఆయన కుటుంబంతో ఇంగ్లండుకు వెళ్ళిపోయారు. 1939లో తిరిగివచ్చి యుద్ధం గురించి రేడియోలో మాట్లాడటం మొదలుపెట్టేసరికి, వినడానికి దేశం మొత్తం సిద్ధంగా ఉంది. ఆయన మాటలకు అంత బరువు వచ్చింది ఆ ఆదరణ వల్లే గానీ రాజకీయ అనుభవం వల్ల కాదు.

యుద్ధ వ్యతిరేకత ఆయనకు తండ్రి నుంచి వచ్చిందా?

కొంతవరకు. ఆయన తండ్రి మిన్నెసోటా నుంచి 1907–1917 మధ్య ప్రతినిధుల సభలో ఉన్నారు. అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగడాన్ని వ్యతిరేకించారు. బ్యాంకుల పెద్దలే దేశాన్ని యుద్ధంలోకి లాగుతున్నారని వాదించారు. తెర వెనుక ఎవరో కొందరు కలిసి దేశాన్ని యుద్ధంలోకి తోస్తున్నారన్న ఆలోచన కొడుక్కి చిన్నప్పుడే అబ్బింది. అయితే తండ్రి కోపం డబ్బున్నవారి మీద. దానికి జాతి రంగు పూసింది కొడుకే.

ఆయనకు ‘సుజనన శాస్త్రం’ మీద నమ్మకం ఎలా ఏర్పడింది?

మేలైన లక్షణాలున్నవారే పిల్లల్ని కనాలని, ‘తక్కువ రకం’ వారి సంతతిని అరికట్టాలని చెప్పే ఈ వాదాన్ని ఆనాడు పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలే నెత్తిన పెట్టుకున్నాయి. కనుక ఇది లిండ్‌బర్గ్ ఒక్కరి వింత నమ్మకం కాదు. ఆయనను ఆ దారిలో లోతుగా నడిపించినవారు 1912లో నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలెక్సిస్ కారెల్. శరీరం నుంచి వేరుచేసిన అవయవాలను బతికించి ఉంచే గాజు పంపును ఇద్దరూ కలిసి రూపొందించారు. 1935లో దాన్ని లోకానికి చూపించారు. అది నిజమైన శాస్త్రీయ కృషి, దాన్ని కాదనవలసిన పని లేదు. కానీ ప్రయోగశాలలో పని ముగిశాక సాగే సంభాషణల్లో నాగరికతను జన్మతః ఉన్నతులైన కొద్దిమంది చేతిలో పెట్టాలన్న కారెల్ సిద్ధాంతం కూడా శిష్యుడి తలకెక్కింది. ఇంజను పనితీరును కొలిచినట్లే మనుషుల విలువనూ కొలవవచ్చునన్న భ్రమ యంత్రాల మనిషికి సులభంగా కలుగుతుందని నాకు అనిపిస్తుంది.

జర్మనీకి ఎందుకు వెళ్ళారు? నాజీల ఆహ్వానం మీదనేనా?

మొదటి పర్యటన 1936 వేసవిలో జరిగింది. దాని వెనుక ఉన్నది బెర్లిన్‌లోని అమెరికా సైనిక ప్రతినిధి ట్రూమన్ స్మిత్. జర్మనీ కొత్తగా కట్టుకుంటున్న వైమానిక దళం గురించి ఆయనకు సమాచారం కావాలి. లిండ్‌బర్గ్ వస్తే జర్మన్లు తమంతట తామే తలుపులు తెరుస్తారని ఊహించారు. ఊహ ఫలించింది. తరువాత 1937లోనూ, 1938లోనూ ఆయన మళ్ళీ వెళ్ళారు. కర్మాగారాలు చూశారు, కొన్ని విమానాలు స్వయంగా నడిపారు, అమెరికాకు నివేదికలు పంపారు. అందువల్ల ఆ పర్యటనలను దేశద్రోహంగా చిత్రించడం చరిత్రకు అన్యాయమే.

చిక్కు మరోచోట ఉంది. చూపించినదాన్నే ఆయన చూశారు, చూసినదాన్ని మెచ్చుకున్నారు. హిట్లర్‌లో ఉన్మాదం ఉందని ఒప్పుకుంటూనే ఆయన గొప్ప వ్యక్తి అనీ, జర్మన్ ప్రజలకు ఎంతో చేశాడనీ 1936లో ఒక మిత్రుడికి రాశారు. మిగిలిన యూరప్ దేశాల వైమానిక బలమంతా కలిపినా జర్మనీకి సాటిరాదని 1938 సెప్టెంబరులో, చెకొస్లొవేకియాలో కొంత భాగాన్ని హిట్లర్‌కు వదిలేసిన మ్యూనిక్ ఒప్పందానికి కొద్దిరోజుల ముందు, లండన్‌లోని అమెరికా రాయబారి జోసెఫ్ కెనడీకి రాసి ఇచ్చారు. అది అతిశయోక్తి అని తరువాత తేలింది. భయపెట్టడానికి సిద్ధం చేసిన ప్రదర్శనకు మంచి ప్రేక్షకుడు దొరికాడన్నమాట.

గోరింగ్ ఇచ్చిన పతకం సంగతేమిటి?

1938 అక్టోబరు 18న బెర్లిన్‌లో అమెరికా రాయబారి హ్యూ విల్సన్ విందు ఇచ్చారు. జర్మన్ వైమానిక దళాధిపతి, నాజీ నాయకుడు గోరింగ్ చేతిలో ఒక ఎర్రటి పెట్టెతో వచ్చి, ఫ్యూరర్ (హిట్లర్) ఆజ్ఞ మేరకు అంటూ దాన్ని లిండ్‌బర్గ్‌కు అందించాడు. అందులో ఉన్నది నక్షత్రంతో కూడిన జర్మన్ డేగ పతకం. లిండ్‌బర్గ్‌కు జర్మన్ రాదు. ముందుగా చెప్పినవారూ లేరు. స్వదేశపు రాయబారి ఇంట్లో, అతిథుల ముందు, దాన్ని తిప్పికొట్టడం సాధ్యమయ్యేది కాదన్న వాదనలో న్యాయం ఉంది. ఇంటికి వచ్చాక దాన్ని చూసి ఆయన భార్య ఆన్ ఒకే మాట అన్నారు: ‘ఆల్బట్రాస్’. ఇంగ్లీషు కవిత్వంలో అది నావికుడి మెడకు వేలాడే శాపపు పక్షి. మన భాషలో గుదిబండ.

సుమారు మూడు వారాలకు, నవంబరు 9–10 రాత్రి, జర్మనీ అంతటా యూదుల దుకాణాలూ ప్రార్థనా మందిరాలూ ధ్వంసమయ్యాయి. లిండ్‌బర్గ్ ఆ చలికాలం బెర్లిన్‌లో కాపురం పెట్టాలన్న ఆలోచన మానుకున్నారు గానీ పతకం తిరిగి ఇవ్వలేదు. ఆనాటి దినచర్య పుస్తకంలో ఆయన రాసుకున్న మాటలు పతకం కన్నా ఎక్కువ చెబుతాయి. జర్మన్లకు ‘యూదుల సమస్య’ ఒకటి ఉన్నమాట నిజమే, కానీ దాన్ని ఇంత అసమంజసంగా పరిష్కరించడం అవసరమా అన్నది వాటి సారాంశం. ఆయనకు అభ్యంతరంగా తోచింది పద్ధతి మాత్రమే. యూదులు ‘సమస్య’ అన్న మాటను ఆయన ప్రశ్నించలేదు.

1939 నవంబరులో ఆయన రాసిన వ్యాసం ఎందుకు అంత ముఖ్యం?

రీడర్స్ డైజెస్ట్‌లో వచ్చిన ఆ వ్యాసం విమానయానం, భూగోళం, జాతి అనే మూడింటినీ ముడివేసింది. లిండ్‌బర్గ్‌ను అర్థం చేసుకోవడానికి ఒక్క పత్రమే చదవగలిగితే ఇదే చదవాలని నేను చెబుతాను. ఎందుకంటే ఇక్కడ ఆయన ఎవరికీ జవాబు చెప్పడం లేదు, తొందరపాటులో మాట్లాడటం లేదు. తీరిగ్గా కూర్చొని రాశారు.

విమానయానం పాశ్చాత్యుల చేతులకు తగినట్లుగా తయారైన పనిముట్టు అనీ, ఇతరులు దాన్ని నాసిరకంగా అనుకరించగలరంతే అనీ, ఆసియాలోని కోట్లాది జనానికీ యూరప్‌కు దక్కిన గ్రీకు వారసత్వానికీ మధ్య అది ఒక అడ్డుగోడ అనీ అందులో ఉంది. పసుపు, నలుపు, గోధుమ రంగుల మనుషుల సముద్రం ఒత్తుకొస్తుండగా తెల్లజాతి అసలు బతికి ఉండటానికి వీలు కల్పించే అమూల్య సంపదల్లో విమానం ఒకటట. ఆ గోధుమ రంగులో మనమూ ఉన్నాం. తెల్లజాతులు తమలో తాము కొట్టుకుని చావక, ఒక్కటై జాతి, ఆయుధాల ప్రాకారం కట్టుకోవాలన్నది ముగింపు.

యుద్ధం వద్దని ఆయన అనడంలోని అసలు తర్కం ఇక్కడ బయటపడుతుంది. హింస మీద అసహ్యంతో శాంతి కోరే వ్యక్తి వాదం కాదిది. జర్మనీ, బ్రిటన్ ఒకే ఇంటి అన్నదమ్ములని, వారి కొట్లాట వల్ల బయటివాడు లాభపడతాడని బెంగపెట్టుకున్న మనిషి వాదం. 1941 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మాట్లాడుతూ, సోవియట్ రష్యాతో చేయి కలపడం కన్నా ఎన్ని లోపాలున్నా జర్మనీతో కలవడమే మేలని అన్నది కూడా ఈ తర్కం ప్రకారమే.

‘నాసిరకపు అనుకరణ’ అన్న మాటకు జవాబు రెండేళ్ళకే వచ్చింది. 1941 డిసెంబరు 10న జపాను విమానాలు మలయా తీరం దగ్గర బ్రిటిష్ యుద్ధనౌకలు ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’, ‘రిపల్స్’ రెండింటినీ ఒకే పూటలో ముంచేశాయి.

ఆయన భారతదేశానికి వచ్చారా? ఆ వ్యాసం నాటికి మనవారి గురించి ఏమీ తెలియదా?

వచ్చారు. 1937 తొలి నెలల్లో భార్యతో కలిసి చిన్న విమానంలో ఇంగ్లండు నుంచి భారతదేశం దాకా ఎగిరివచ్చారు. కలకత్తాలో శ్రీరామకృష్ణ పరమహంస శతజయంతి సందర్భంగా జరిగిన సర్వమత సమ్మేళనానికి హాజరయ్యారు. యోగం మీదా, మనస్సు శరీరాల సంబంధం మీదా ఆయనకు కుతూహలం ఉండేది. మన తత్వచింతన మీద ఆసక్తి ఉన్నవారికి మన మీద సమభావం ఉంటుందనుకోవడం పొరపాటు. రెండేళ్ళ తరువాత వచ్చిన ఆ వ్యాసమే అందుకు సాక్ష్యం.

విమానయానం సంగతికి వస్తే, జె.ఆర్.డి. టాటా 1932 అక్టోబరులోనే కరాచీ నుంచి బొంబాయికి తపాలా విమానం నడిపారు. లిండ్‌బర్గ్ చేసిన ఉద్యోగమూ అదే కదా. తెలుగువారు గుర్తు చేసుకోవలసిన పేరు మరొకటి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సహ శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి, కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం గురించి హార్వర్డ్ నుంచి వెల్లడించింది 1927 ఏప్రిల్‌లో, అంటే అట్లాంటిక్ ప్రయాణానికి సుమారు నెల ముందు. 1939లో ఆ వ్యాసం అచ్చయిన రోజున కూడా ఆయన అమెరికాలోనే పనిచేస్తున్నారు. 1923 నాటి భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులను ‘తెల్లవారు’గా లెక్కించరాదని తీర్పు ఇచ్చింది. అందువల్ల 1946లో చట్టం మారేదాకా సుబ్బారావుకు అమెరికా పౌరసత్వం అడిగే అర్హతే లేదు. లిండ్‌బర్గ్ కోరిన ప్రాకారం కాగితం మీద అప్పటికే సగం కట్టి ఉంది.

‘అమెరికా ఫస్ట్’ కమిటీలో ఉన్నవారంతా యూదు వ్యతిరేకులేనా?

కాదు. 1940 సెప్టెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగరాదంటూ యేల్ న్యాయ విద్యార్థులు మొదలుపెట్టిన ఆ సంస్థలో ఒక దశలో దాదాపు 8 లక్షల మంది సభ్యులు ఉండేవారు. తరువాత అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్ తొలినాళ్ళలో అందులో ఉన్నారు. సోషలిస్టు నాయకుడు నార్మన్ థామస్ దాని వేదికల మీద మాట్లాడారు. మొదటి ప్రపంచయుద్ధంలో కొడుకులను పోగొట్టుకున్న తల్లిదండ్రులూ, యుద్ధమంటే విసిగిన రైతులూ ఉన్నారు. వారితో పాటు నాజీ సానుభూతిపరులూ చేరారు. యూదు వ్యతిరేక ప్రచారానికి పేరుపడ్డ హెన్రీ ఫోర్డ్‌ను జాతీయ కమిటీలోకి తీసుకుని, గొడవ కాగానే తొలగించారు. లిండ్‌బర్గ్ 1941 ఏప్రిల్‌లో చేరి, దాని ప్రధాన వక్త అయ్యారు. అదే నెలలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆయనను అంతర్యుద్ధ కాలపు ఓటమివాదులతో పోల్చగా, ఆయన సైన్యంలోని కర్నల్ హోదాకు రాజీనామా చేశారు. పతకం తిరిగి ఇవ్వని మనిషి హోదా మాత్రం తిరిగి ఇచ్చేశారని ప్రత్యర్థులు ఎత్తిపొడవడానికి సందు దొరికింది.

డె మొయిన్ ప్రసంగంలో నిజంగా ఏమన్నారు?

1941 సెప్టెంబరు 11 రాత్రి, అయోవా రాష్ట్రం డె మొయిన్ నగరంలో, దాదాపు 8,000 మంది ఎదుట ఆయన మాట్లాడారు. అంతకు కొద్ది నిమిషాల ముందే అదే సభలో రూజ్‌వెల్ట్ రేడియో ప్రసంగాన్ని వినిపించారు. లిండ్‌బర్గ్ దేశాన్ని యుద్ధంలోకి నెడుతున్నవి మూడు వర్గాలన్నారు: బ్రిటిష్‌వారు, యూదులు, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం. యూదుల గురించిన భాగం కొన్ని పేరాలే. ఆ పేరాలనే దగ్గరగా చూద్దాం.

నాజీ జర్మనీ కూలాలని యూదులు కోరుకోవడం అర్థం చేసుకోదగినదేననీ, మానవ గౌరవం తెలిసినవారెవరూ జర్మనీలో వారు పడుతున్న హింసను సమర్థించరనీ ముందుగా చెప్పారు. ఆయన అభిమానులు నేటికీ ఈ వాక్యం దగ్గరే ఆగిపోతారు. తరువాత వచ్చింది హెచ్చరిక: యుద్ధం వస్తే దాని ఫలితాన్ని ముందుగా అనుభవించేవారిలో యూదులు ఉంటారు కనుక వారు దాన్ని వ్యతిరేకించాలి. అంటే, దేశంలో సహనం నశిస్తే ఆ తప్పు ద్వేషించినవారిది కాక ద్వేషానికి గురైనవారిది అవుతుంది. ఆ తరువాత అభియోగం: మన సినిమా రంగం, మన పత్రికలు, మన రేడియో, మన ప్రభుత్వం మీద వారికున్న యాజమాన్యం, పలుకుబడి ఈ దేశానికి పెద్ద ప్రమాదం. చివరగా, వారు తమ ప్రయోజనాలు చూసుకుంటున్నందుకు తప్పుపట్టలేం, మన ప్రయోజనాలు మనం చూసుకోవాలి అన్నారు.

ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపోయే ఆ ‘మన’ను తెలుగులోకి తెస్తుంటే కలం ఆగుతుంది. మన భాషలో ‘మన’ వేరు, ‘మా’ వేరు. వింటున్నవారిని కలుపుకుంటే ‘మన’, బయట పెడితే ‘మా’. సభలోని వారితో ఆయన అన్నది ‘మన’. కానీ రేడియో ముందు కూర్చుని వింటున్న, అదే దేశంలో పుట్టి, అక్కడే ఓటు వేసే యూదు పౌరుడి చెవికి అది ‘మా సినిమాలు, మా పత్రికలు, మా ప్రభుత్వం’ అనే వినపడింది. ప్రసంగం అంతటా బ్రిటిష్‌వారు విదేశీయులు. వారితో కలిపి చెప్పగానే యూదులూ విదేశీయులైపోయారు. వాస్తవంగా చూసినా ఆ అభియోగం నిలవదు. యుద్ధం వద్దంటూ లిండ్‌బర్గ్‌నే సమర్థిస్తూ వచ్చిన షికాగో ట్రిబ్యూన్, హర్స్ట్ పత్రికలు దేశంలో అతి పెద్దవాటిలో ఉన్నాయి, వాటి యజమానులు యూదులు కారు.

ఆయన భార్య ప్రసంగ పాఠాన్ని ముందే చదివి, ఇది యూదు వ్యతిరేకతను రెచ్చగొడుతుందని హెచ్చరించారు. దేశం అలాంటి ద్వేషంలో పడటం కన్నా యుద్ధంలో పడటమే నయమని తన దినచర్యలో రాసుకున్నారు. ఆయన వినలేదు. మరునాటి నుంచి విమర్శల వాన కురిసింది. అంతకుముందు ఏడాది రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిగా నిలిచిన వెండెల్ విల్కీ, తన కాలంలో జాతీయ స్థాయి వ్యక్తి ఎవరూ ఇంత అమెరికా విరుద్ధంగా మాట్లాడలేదన్నారు. హర్స్ట్ పత్రికలూ ఖండించాయి.

ఆయనకు యూదు మిత్రులు ఉండేవారు కదా?

ఉండేవారు. 1927 ప్రయాణం తరువాత ఆయన జరిపిన దేశవ్యాప్త పర్యటనకు అండగా నిలిచిన హ్యారీ గుగ్గన్‌హైమ్ యూదుడే. కొద్దిమంది ‘సరైన రకం’ యూదులు ఏ దేశానికైనా ఆస్తి అనీ, వారి సంఖ్య పెరిగితేనే ఇబ్బంది అనీ లిండ్‌బర్గ్ దినచర్యలో రాసుకున్నారు కూడా. అద్దె ఇల్లు అడిగినప్పుడు ‘మీరు పర్వాలేదండీ, మీవాళ్ళే…’ అనే మాట విన్న పాఠకులకు దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే ఆయన నాజీయేనా?

‘లిండ్‌బర్గ్ నాజీ అని నాకు పూర్తి నమ్మకం’ అని రూజ్‌వెల్ట్ 1940 మేలో తన ఆర్థికమంత్రి మార్గెన్‌తావ్‌తో అన్నారు. అధ్యక్షుడి నమ్మకం రుజువు కాదు. లిండ్‌బర్గ్ నాజీ పార్టీలో లేరు, హిట్లర్‌ను కలవలేదు, జర్మనీ కోసం గూఢచర్యం చేసినట్లు ఆధారం లేదు. యూదుల సంహారాన్ని ఆయన కోరలేదు. ఇవన్నీ ఒప్పుకోవాలి. తెల్లజాతి ఆధిక్యాన్ని నమ్మారు, యూదులను పరాయివారుగా చూశారు, నాజీ పాలనలోని క్రమశిక్షణను మెచ్చుకున్నారు. ఇవీ ఆయన స్వహస్తంతో రాసినవే. ‘నాజీ’ అన్న ముద్ర గురించి వాదించుకుంటూ కూర్చుంటే ఈ రెండో జాబితా మరుగున పడుతుంది.

పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి చేశాక ఆయన ఏం చేశారు?

సైన్యంలో తిరిగి చేరతానన్నారు, ప్రభుత్వం నిరాకరించింది. ఫోర్డ్ వారి విల్లో రన్ కర్మాగారంలో బాంబర్ల తయారీకి సాయపడ్డారు. 1944లో యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే మరో కంపెనీ సాంకేతిక ప్రతినిధిగా పసిఫిక్ వెళ్ళి, పౌరుడిగా ఉంటూనే దాదాపు 50 యుద్ధ విమానయానాల్లో పాల్గొన్నారు. ఒక జపాను విమానాన్ని కూల్చారు. ఇంజను చుట్ల వేగం తగ్గించి, ఇంధన మిశ్రమాన్ని పలుచన చేసి పి-38 విమానాలు మరింత దూరం వెళ్ళే కిటుకు అక్కడి చోదకులకు నేర్పారు. ఆయన ధైర్యం, దేశభక్తి ఈ కాలంలో సందేహానికి తావివ్వవు. అమెరికా సైనికులు జపాను ఖైదీల పట్ల, శవాల పట్ల చూపిన క్రూరత్వాన్ని దినచర్యలో నిర్మొహమాటంగా రాశారు. ‘పసుపు’ మనుషుల గురించి 1939లో అలా రాసిన చేతితోనే వారి శవాలకు జరిగిన అవమానం మీద ఆవేదన వెలిబుచ్చారు. ఈ రెండింటినీ ఆయన ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకున్నట్లు లేదు.

ఆయన అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేశారా?

లేదు. ఆయన అధ్యక్షుడైనట్లు ఊహించిన ఒక ప్రసిద్ధ నవల, దాని ఆధారంగా తీసిన టీవీ ధారావాహిక వల్ల ఈ అపోహ వ్యాపించింది. అది కల్పన.

తరువాత పశ్చాత్తాపపడ్డారా?

1945 జూన్‌లో ఆయన జర్మనీలోని డోరా నిర్బంధ శిబిరాన్ని కళ్ళారా చూశారు. బూడిదతో నిండిన గోతుల పక్కన నిలబడ్డారు. మనిషి ఇంత దిగజారగలడా అని రాసుకున్నారు. మరుక్షణమే ఆలోచన పసిఫిక్ దీవుల్లో తమవారు చేసిన పనుల మీదికి మళ్ళింది. యుద్ధంలో అందరూ పాపులేనన్న ఆ పోలికలో, యుద్ధంతో నిమిత్తం లేకుండా ఒక జాతిని తుడిచిపెట్టడానికి నడిపిన యంత్రాంగం వేరన్న సంగతి కరిగిపోయింది.

1954లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయనకు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చారు. అదే ఏడాది ఆత్మకథకు పులిట్జర్ బహుమతి వచ్చింది. జీవితపు చివరి భాగంలో తిమింగలాల కోసం, ఫిలిప్పీన్స్ అడవుల కోసం, అక్కడి ఆదివాసుల కోసం పాటుపడ్డారు. అక్కడ చూపిన ప్రేమను కొందరు పరివర్తనగా చెబుతారు. కావచ్చు. కానీ 1970లో యుద్ధకాలపు దినచర్యలను అచ్చువేయించినప్పుడు, డె మొయిన్ మాటలను వెనక్కి తీసుకోవడానికి చేతిలో అవకాశం ఉండి కూడా తీసుకోలేదు. పైగా ముందుమాటలో, సైనికంగా గెలిచినా విశాలార్థంలో అమెరికా ఆ యుద్ధంలో ఓడిపోయిందని రాశారు. పోగొట్టుకున్నవాటిలో ఆయన లెక్కపెట్టిన ఒకటి, యుగయుగాలుగా లక్షలాది జీవితాల్లో రూపుదిద్దుకున్న ‘జన్యు వారసత్వం’. నాలుగేళ్ళ తరువాత, 1974 ఆగస్టు 26న, హవాయి దీవుల్లోని మావీలో ఆయన మరణించారు.